సాంకేతిక పత్రాల్లో బయటి ఫైళ్ల నుంచి కోడ్ చేర్పు

సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే పత్రాల్లో అడుగడుగునా ఉదాహరణ కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ను పత్రంలోనే టైపు చేసి పెట్టకుండా, విడిగా ఉన్న ప్రోగ్రాము ఫైలు నుంచి పేజీ తయారయ్యే వేళ తెచ్చి అమర్చడమే కోడ్ చేర్పు. రాసేవారు కోడ్ రావాల్సిన చోట ఒక్క ఆదేశం రాస్తారు: ఫలానా ఫైలు తెరువు, అందులో ఫలానా ముక్క తీసుకో, ఇక్కడ పెట్టు. వెబ్ పేజీనో పీడీఎఫ్‌నో తయారుచేసే పనిముట్టు ఆ ఆదేశాన్ని చదివి, అసలు ఫైల్లోని పంక్తులను ఉన్నవి ఉన్నట్టు దించి, రంగులు అద్ది, పేజీలో పెడుతుంది. చదివేవారికి తేడా కనిపించదు. ఆ కోడ్ ఎక్కడ పుట్టింది, దాన్ని ఎవరు నడిపి చూశారు అన్న దగ్గరే తేడా అంతా.

చేర్పు గురించి చెప్పేటప్పుడు చాలామంది ఒకే కోడ్‌ను రెండుసార్లు టైపు చెయ్యనక్కర్లేదన్న సౌకర్యాన్ని ముందుకు తెస్తారు. అది చిన్న లాభం. విడి ఫైల్లో ఉన్న కోడ్‌ను కంపైలర్ చదవగలదు, టెస్టు నడపగలదు, ఎడిటర్ తప్పులు పట్టగలదు. పేరాల మధ్య ఇరుక్కున్న కోడ్‌ను మామూలుగా మనిషి కన్ను తప్ప ఇంకేదీ తనిఖీ చెయ్యదు. పెద్ద లాభం ఇదే.

నకలు ఎలా చెడుతుంది

ఒక పాఠానికి రెండు ప్రతులు తయారైతే పాఠాంతరాలు మొదలవుతాయని తాళపత్రాల కాలం నుంచీ తెలిసిందే. కోడ్ విషయంలో ఆ చెడడం ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే మూలమే కుదురుగా ఉండదు. ప్రోగ్రాము రాసేవారు ఫంక్షన్ పేరు మారుస్తారు, ఒక పరామితిని తీసేస్తారు, కొత్త వెర్షన్ విడుదల చేస్తారు. పత్రంలోని నకలు మాత్రం రాసిన రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది.

కుబర్నెటీస్‌లో జరిగింది చూస్తే ఇది అర్థమవుతుంది. కంటెయినర్లలో నడిచే అప్లికేషన్లను నిర్వహించే ఈ వ్యవస్థలో డిప్లాయ్‌మెంట్ అనే వస్తువును యామల్ ఫైల్లో వర్ణించాలి. అది ఏ ఏపీఐ వెర్షన్‌కు చెందిందో సాధారణంగా ఆ ఫైలు మొదటి పంక్తిలోనే రాస్తారు. తొలినాళ్లలో అక్కడ ‘ఎక్స్‌టెన్షన్స్/వీ1బీటా1’ అని రాసేవారు. 2019 సెప్టెంబరులో వచ్చిన 1.16 వెర్షన్ నుంచి డిప్లాయ్‌మెంట్లకు ఆ పేరు చెల్లకుండా పోయింది. ‘యాప్స్/వీ1’ అని రాయాలి; ఏ పాడ్‌లు (కంటెయినర్ల గుంపులు) తనవో చెప్పే సెలెక్టర్ కూడా తప్పనిసరిగా ఉండాలి. అప్పటికే ఎన్నో పాఠాల్లో, పుస్తకాల్లో పాత పంక్తి నకలుగా కూర్చుని ఉంది. దాన్ని కాపీ చేసుకున్నవారికి ఆ వెర్షన్‌లో డిప్లాయ్‌మెంట్ అనే రకమే లేదన్న ఎర్రర్ ఎదురైంది. అనుభవం ఉన్నవారు ఒక్క పంక్తి మార్చి ముందుకు వెళ్లగలరు. ఆ రోజే మొదలుపెట్టినవారికి తప్పు తమదో పుస్తకానిదో తేల్చుకునే దారి ఉండదు. పత్రాలు రాసేవారు మరిచిపోకూడని మనిషి ఆ రెండోవారే.

కుబర్నెటీస్ సొంత పత్రాల అమరిక ఈ చిక్కుకు మంచి జవాబు. అక్కడ ఉదాహరణలు విడి యామల్ ఫైళ్లుగా ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. పేజీలో రాసిన షార్ట్‌కోడ్ అనే చిన్న ఆదేశం ఆ ఫైలును తెచ్చి చూపిస్తుంది. పేజీలోనే టెర్మినల్‌లో కొట్టాల్సిన ఆజ్ఞ ఉంటుంది. అది అదే ఫైలును వెబ్ చిరునామా నుంచి తెచ్చుకుని క్లస్టర్‌కు అందిస్తుంది. చదివేదీ నడిపేదీ ఒకే ఫైలు. ఆ ఫైళ్ల రూపం సరిగ్గా ఉందో లేదో చూసే గో భాష టెస్టు కూడా అదే ఫోల్డర్‌లో ఉంది.

ఎక్కడి నుంచి వచ్చింది

ఒక ఫైలులోకి మరో ఫైలును పిలవడం ప్రోగ్రామింగ్‌లో పాత అలవాటు. కోబాల్‌కు కాపీ, సీ భాషకు ఇంక్లూడ్ ఉన్నాయి. యూనిక్స్‌లో అచ్చు పనికి వాడిన ట్రాఫ్‌లోనూ మరో ఫైలును అక్కడికక్కడ చదివించే చిన్న ఆజ్ఞ ఒకటుంది. బ్రయాన్ కెర్నిహన్, డెన్నిస్ రిచీ 1978లో తెచ్చిన సీ భాష పుస్తకాన్ని రచయితలే యూనిక్స్ నడిచే పీడీపీ-11/70 కంప్యూటరుతో ఫొటోటైప్‌సెట్టర్ మీద అచ్చుకు సిద్ధం చేశారు. పుస్తక పాఠం యంత్రం చదవగల రూపంలో ఉందనీ, ఉదాహరణలన్నిటినీ ఆ పాఠం నుంచే నేరుగా పరీక్షించామనీ ముందుమాటలో చెప్పుకున్నారు. ఆ పుస్తకం మీద తరతరాల విద్యార్థులకు ఏర్పడిన నమ్మకంలో ఈ ఒక్క జాగ్రత్తకూ వాటా ఉంది.

డోనాల్డ్ క్నూత్ ఇంకో వైపు నుంచి వచ్చారు. ఆయన 1984లో ద కంప్యూటర్ జర్నల్‌లో ప్రకటించిన లిటరేట్ ప్రోగ్రామింగ్ వ్యాసం ప్రకారం, ప్రోగ్రామూ వివరణా ఒకే మూలంలో కలిసి ఉండాలి. ఆయన వెబ్ వ్యవస్థలో, అంటే ఇప్పటి వరల్డ్ వైడ్ వెబ్‌కు ముందున్న వెబ్‌లో, టాంగిల్ అనే పనిముట్టు ఆ మూలం నుంచి పాస్కల్ ప్రోగ్రామును బయటికి తీస్తుంది, వీవ్ అనేది చదువుకునే పుస్తకాన్ని తయారుచేస్తుంది. టెఖ్ ప్రోగ్రాము మొత్తం ఇలాగే రాసి 1986లో పుస్తకంగా అచ్చువేశారు. తర్వాత నార్మన్ రామ్జీ తెచ్చిన నోవెబ్ ఈ పద్ధతిని ఏ భాషకైనా పనికొచ్చేలా తేలిక చేసింది. చేర్పులో కోడ్ పత్రంలోకి వస్తుంది. క్నూత్ పద్ధతిలో పత్రం నుంచి కోడ్ పుడుతుంది. దారులు ఎదురెదురు, కోరిక ఒక్కటే: మూలం ఒక్కటే ఉండాలి. రోజువారీ పనిలో చేర్పే నిలదొక్కుకుంది. కారణం మామూలు పనివాతావరణంలోనే ఉంది. ప్రోగ్రామర్ తన ఎడిటర్‌లో తన ఫైళ్ల మీదే పనిచేస్తారు, వివరణ రాసేవారు తరచుగా వేరే మనిషి. ఇద్దరినీ ఒకే ఫైల్లో కూర్చోబెట్టడం కష్టం.

లేటెక్‌లో లిస్టింగ్స్ ప్యాకేజీ బయటి ఫైలును మొత్తంగానో, మొదటి పంక్తి, చివరి పంక్తి చెప్పి కొంతభాగంగానో చేర్చుకునే ఏర్పాటు ఇచ్చింది. ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రపంచంలో 2004 డిసెంబరులో ప్రమాణమైన ఎక్స్‌ఇంక్లూడ్ ఒక పెద్ద బాధ తీర్చింది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ‘కంటే తక్కువ’ గుర్తు ట్యాగుకు ఆరంభం. అందువల్ల కోడ్‌ను డాక్‌బుక్ పత్రంలో అతికిస్తే, ఆ గుర్తు ఉన్న ప్రతి చోటా దాన్ని మారుపేరుతో రాయడం లాంటి తిప్పలు పడాల్సి వచ్చేది. ఒక్కటి మరిచినా పత్రం మొత్తం చెడేది. ఫైలును ఉత్త పాఠంగా చేర్చమని ఎక్స్‌ఇంక్లూడ్‌కు చెబితే ఆ తలనొప్పి ఉండదు. డిటా అనే మరో ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలోకి 1.2 వెర్షన్‌తో, 2010లో, కోడ్‌రెఫ్ మూలకం వచ్చింది.

ఇప్పుడు వాడుకలో ఉన్న పనిముట్లలో మూడింటి పేరు చెప్పుకోవాలి. గేయోర్గ్ బ్రాండల్ పైథాన్ పత్రాల కోసం తయారుచేసి 2008లో విడుదల చేసిన స్ఫింక్స్‌లో లిటరల్‌ఇంక్లూడ్ అనే ఆదేశం ఉంది. స్టూవర్ట్ రాకమ్ 2002లో మొదలుపెట్టిన ఆస్కీడాక్ రాతపద్ధతిని ఇప్పుడు ఆస్కీడాక్టర్ నడుపుతోంది. రస్ట్ భాష వారి ఎండీబుక్ పుస్తకాల రూపంలో పత్రాలు తయారుచేస్తుంది. అందరికీ అలవాటైన మార్క్‌డౌన్‌లో మాత్రం చేర్పు లేదు. జాన్ గ్రూబర్ 2004లో దాన్ని తయారుచేసినప్పుడు లేదు, తర్వాత వచ్చిన కామన్‌మార్క్ ప్రమాణంలోనూ లేదు. దాంతో మార్క్‌డౌన్ వాడుతూ చేర్పు ఇవ్వదలచిన పనిముట్లు దేనికదే సొంత గుర్తు కల్పించుకున్నాయి. ఎమ్‌కేడాక్స్‌తో వాడే ఒక పొడిగింపులో ఆ గుర్తు --8<-- అని ఉంటుంది. కాగితం మీద ‘ఇక్కడ కత్తిరించండి’ అని గీసే కత్తెర బొమ్మ అది. ఒక పనిముట్టు నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మార్క్‌డౌన్ పత్రాల్లో ముందుగా విరిగేవి ఇలాంటి ఆదేశాలే.

ఏ ముక్క తీసుకోవాలి

ఫైలు మొత్తాన్ని చేర్చడం తేలిక. చిన్న ఫైలైతే అంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ నడిచే ప్రోగ్రాములో పాఠకుడికి అప్పటికి అక్కర్లేనివి చాలా ఉంటాయి: లైసెన్సు పేరా, ఇంపోర్టులు, ముందస్తు ఏర్పాట్లు. వాటి మధ్య నుంచి ఐదారు పంక్తులు ఏరి చూపించాలి. ఆ ఏరడం ఎలాగన్నదే ఈ విద్యలో అసలు కీలకం.

అందరికీ ముందు తట్టేది పంక్తి సంఖ్య. బస్సు చార్జీ లెక్కగట్టే ఒక పైథాన్ ఫైలు ఉందనుకుందాం. లెక్క వేసే ఫంక్షన్ 12వ పంక్తిలో మొదలై 18వ పంక్తిలో ‘రిటర్న్’తో ముగుస్తుంది. 12 నుంచి 18 వరకు చూపించమని పత్రంలో రాశాం, పేజీ చక్కగా వచ్చింది. నెల తర్వాత తోటి ఉద్యోగి ఒకరు ఫైలు పైభాగాన రెండు ఇంపోర్టు పంక్తులు చేర్చారు. ప్రోగ్రాము నడుస్తోంది, టెస్టులన్నీ పాసయ్యాయి. ఫంక్షన్ మాత్రం 14 నుంచి 20కి జరిగింది. పత్రం పేజీలో ఇప్పుడు మొదట సంబంధం లేని రెండు పంక్తులు వస్తాయి, తర్వాత ఫంక్షన్ మొదలవుతుంది, ఫలితాన్ని వెనక్కిచ్చే చివరి పంక్తి కనిపించదు. స్ఫింక్స్ ఏమీ అనదు, ఎందుకంటే దాని లెక్కలో 12 నుంచి 18 వరకు పంక్తులు ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ఫైలు పొడవుకు మించిన సంఖ్య ఇస్తేనే హెచ్చరిస్తుంది. కంపైలర్‌కూ టెస్టుకూ బిల్డ్‌కూ ఎవరికీ కనిపించని తప్పు ఇది. అందుకే తరచుగా మారే ఫైళ్లకు పంక్తి సంఖ్యలు వాడకపోవడమే మేలు.

సంఖ్యలు లెక్కపెట్టే పద్ధతి కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఆస్కీడాక్టర్‌లో 5..10 అంటే ఐదూ పదీ రెండూ వస్తాయి. ఈమాక్స్‌లోని ఆర్గ్ మోడ్‌లో 5-10 అని రాస్తే పదో పంక్తి రాదు. ఉత్త పాఠం ఫైళ్లలో ఒక భాగానికి చిరునామా ఎలా రాయాలో చెప్పే 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5147 పంక్తులను కాక పంక్తుల మధ్య సందులను సున్నా నుంచి లెక్కపెడుతుంది. అందులో 10,20 అంటే పదకొండో పంక్తి నుంచి ఇరవయ్యో పంక్తి వరకు.

రెండో పద్ధతి ఆనవాలు వెతకడం. ఫలానా మాట ఉన్న పంక్తి తర్వాత మొదలుపెట్టి ఫలానా మాట వచ్చే ముందు ఆపమని స్ఫింక్స్‌కు చెప్పవచ్చు. దిమిత్రి వాన్ హీష్ తయారుచేసిన డాక్సిజన్‌లో దీనికి ముచ్చటైన రూపం ఉంది. ముందు ఫైలు పేరు చెబుతారు. ఆ తర్వాత వివరణ రాసుకుంటూ, ఫలానా మాట కనబడేదాకా దాటు, ఫలానా మాట వచ్చేదాకా చూపించు, ఒక్క పంక్తి చూపించు అని ఆదేశాలిస్తారు. ప్రతిసారీ డాక్సిజన్ తను ఆగిన చోటి నుంచి ముందుకు నడుస్తుంది. గురువు పుస్తకం మీద వేలు పెట్టి ఒక్కో పాదం చదివి అర్థం చెప్పినట్టు, ఒకే ఫైలు మీదుగా పాఠం సాగుతుంది.

మూడోది పేరు పెట్టిన గుర్తులు. కోడ్ ఫైల్లోనే, కావలసిన భాగానికి ముందూ వెనకా కామెంట్లుగా ఒక పేరు రాస్తారు. ఆస్కీడాక్టర్‌లో ఇవి ట్యాగులు, ఎండీబుక్‌లో యాంకర్లు, జావాలో రీజియన్లు. కామెంట్లు కాబట్టి ప్రోగ్రాముకు వాటితో పనిలేదు. పేజీలోకి వచ్చేటప్పుడు పనిముట్టు వాటిని తీసేస్తుంది. పైన వంద పంక్తులు చేరినా గుర్తు తన కోడ్‌తోపాటే కిందికి జరుగుతుంది. ఎవరైనా గుర్తు చెరిపేస్తే ఆస్కీడాక్టర్ ఆ ట్యాగు దొరకలేదని హెచ్చరిస్తుంది. హెచ్చరిక వస్తే బిల్డ్ ఆగిపోయేలా పెట్టుకుంటే తప్పు పాఠకుడి దాకా వెళ్లదు.

గుర్తుల వల్ల ఇంకో మేలుంది, దాన్ని తక్కువమంది గమనిస్తారు. ఫైలు తెరిచిన ప్రోగ్రామర్‌కు, ఈ ఆరు పంక్తులు ఎక్కడో ఒక పేజీలో జనం చదువుతున్నారని ఆ కామెంటు చెబుతుంది. చెయ్యి పెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతారు. పంక్తి సంఖ్యలు పత్రంలో దాగి ఉంటాయి, ప్రోగ్రామర్‌కు ఏమీ చెప్పవు. కామెంట్లతో కోడ్ గజిబిజి అవుతుందని కొందరికి అభ్యంతరం. ఒకే ఫైలును పది పేజీలు ముక్కలుగా వాడుకుంటే అది నిజమే. అప్పుడు ఉదాహరణల కోసం వేరే చిన్న ఫైళ్లు రాసుకోవడం మంచిది.

నాలుగోది భాషను అర్థం చేసుకుని ఏరడం. స్ఫింక్స్‌కు ఒక పైథాన్ క్లాసు పేరో, దానిలోని మెథడ్ పేరో ఇస్తే, అది ఫైలును పార్స్ చేసి ఆ నిర్వచనాన్ని అంతటినీ తెస్తుంది. గుర్తులు అక్కర్లేదు, పేరు మారనంత వరకు ఎంత సవరించినా చెదరదు. కానీ పైథాన్‌కే పరిమితం, నిర్వచనంలో సగం కావాలంటే పేరొక్కటే చాలదు.

తెచ్చాక కొంచెం దిద్దుబాటు ఉంటుంది. క్లాసు లోపలి నుంచి వచ్చిన ముక్క ఎనిమిది ఖాళీలు పక్కకు జరిగి ఉంటే వాటిని కత్తిరించాలి. ముఖ్యమైన పంక్తులకు వేరే రంగు వెయ్యాలి. రంగు వేసే పంక్తులను మాత్రం దాదాపు అందరూ ఇంకా సంఖ్యలతోనే చెబుతున్నారు కాబట్టి, పైన చెప్పిన జారుడు జబ్బు అక్కడ మిగిలే ఉంది.

చేర్చడంతో పని సగమే

విడి ఫైల్లో ఉన్నంత మాత్రాన కోడ్ పనిచెయ్యదు. దాన్ని క్రమం తప్పక నడిపేవారుండాలి. ఫాస్ట్‌ఏపీఐ అనే పైథాన్ లైబ్రరీ పత్రాలకు వచ్చిన మంచిపేరు వెనక ఈ క్రమశిక్షణ ఉంది: పాఠాల్లో కనిపించే ఉదాహరణలు రిపాజిటరీలో ఒక ప్రత్యేక ఫోల్డర్‌లో నడిచే ప్రోగ్రాములుగా ఉంటాయి, వాటికి లైబ్రరీ టెస్టులతోపాటు టెస్టులుంటాయి. లైబ్రరీలో మార్పు ఒక పాఠాన్ని చెడగొడితే ఆ మార్పు చేసినవారికే తెలుస్తుంది. స్ప్రింగ్ రెస్ట్ డాక్స్ అనే జావా పనిముట్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. టెస్టు నడిచినప్పుడు సర్వర్‌కు వెళ్లిన అభ్యర్థననూ తిరిగొచ్చిన జవాబునూ చిన్న ఫైళ్లుగా రాసిపెడుతుంది, పత్రం వాటిని చేర్చుకుంటుంది. టెస్టు పాసవకపోతే పత్రానికి ముక్కే దొరకదు.

రస్ట్ భాష అధికారిక పుస్తకంలో చాలా ఉదాహరణలు విడి ప్రాజెక్టులుగా, అధ్యాయాల వారీగా ఫోల్డర్లలో ఉంటాయి. ఇది ఒక పాత చిక్కును విప్పుతుంది. పాఠాల్లో ప్రోగ్రాము మెట్లు మెట్లుగా పెరుగుతుంది: మొదట మూడు పంక్తులు, తర్వాత ఒక షరతు, తర్వాత ఎర్రర్ సంభాళింపు. చివరి రూపం ఒక్కటే ఉంచుకుంటే నడిమి మెట్లను చూపించలేం. ఒక్కో మెట్టును ఒక్కో పూర్తి ప్రాజెక్టుగా ఉంచితే ఫైళ్లు పెరుగుతాయి, కానీ మూడో మెట్టు దగ్గర ఆగి నడిపి చూసే విద్యార్థికి అది నడుస్తుంది. ఎండీబుక్‌లో మరో సదుపాయం: నడవడానికి కావలసినా చదవడానికి అడ్డొచ్చే పంక్తులను దాచి ఉంచవచ్చు, పాఠకుడు కంటి బొమ్మ నొక్కితే అవి తెరుచుకుంటాయి.

కావాలని తప్పుగా రాసిన ఉదాహరణల సంగతి వేరు. రస్ట్‌లో ఒక విలువ యాజమాన్యం చేతులు మారాక పాత పేరుతో దాన్ని వాడబోతే కంపైలర్ ఒప్పుకోదని చెప్పడానికి, ఒప్పుకోని కోడే చూపించాలి. అది కంపైల్ అయితేనే పాఠం చెడినట్టు. రస్ట్‌డాక్‌లో ఇలాంటి ముక్కకు, ఇది కంపైల్ కాకూడదు అని ఒక సూచన తగిలించవచ్చు. పొరపాటున అయితే టెస్టు విఫలమవుతుంది. తప్పును కూడా తప్పుగానే నిలబెట్టే ఈ తనిఖీ రాసేవారి నిజాయితీకి మంచి గుర్తు.

ఉల్టా దారిలో, కోడ్‌ను పత్రంలోనే ఉంచి అక్కడి నుంచే నడిపే పద్ధతులూ ఉన్నాయి. టిమ్ పీటర్స్ రాసిన డాక్‌టెస్ట్ 2001లో పైథాన్ 2.1తో వచ్చింది. వివరణలో మూడు బాణం గుర్తుల తర్వాత ఉన్న పంక్తిని నడిపి, కింద రాసిన జవాబుతో పోల్చి చూస్తుంది. గో భాషలో ఎగ్జాంపుల్ అనే మాటతో మొదలయ్యే ఫంక్షన్లు టెస్టు ఫైళ్లలో ఉంటాయి. చివర కామెంటుగా రాసిన ఔట్‌పుట్ అసలు ఔట్‌పుట్‌తో సరిపోవాలి. పత్రంలో ఉదాహరణగా అవే కనిపిస్తాయి. రెండు మూడు పంక్తుల ఉదాహరణకు ఈ దారే హాయి. ఇరవై పంక్తులు దాటితే చేర్పు మేలు.

జావా చాలాకాలం ఈ రెండూ లేకుండా గడిపింది. ఉదాహరణను కామెంటు లోపల టైపు చెయ్యడం, దాన్ని ఎవరూ కంపైల్ చెయ్యకపోవడం మామూలైపోయింది. 2022 మార్చిలో జావా 18తో, జెప్ 413 అనే మెరుగుదల ప్రతిపాదన కింద, స్నిప్పెట్ ట్యాగ్ వచ్చింది. ఉదాహరణను స్నిప్పెట్-ఫైల్స్ అనే ఫోల్డర్‌లో నిజమైన జావా ఫైలుగా ఉంచి, రీజియన్ పేరు చెప్పి జావాడాక్ వివరణలోకి తెచ్చుకోవచ్చు. అంత పెద్ద భాషకు ఇంత ఆలస్యంగానైనా ఈ ఏర్పాటు రావడం సంతోషించాల్సిన విషయం.

భద్రత

ఫైలు తెరిచి చూపించే శక్తి ఎవరి చేతిలో ఉందన్నది తేలిగ్గా తీసుకోకూడదు. బయటివారు పంపిన పత్రాన్ని సర్వర్ మీద పేజీగా మార్చేటప్పుడు, అందులో చేర్పు ఆదేశం సర్వర్‌లోని పాస్‌వర్డుల ఫైలు వైపు చూపిస్తే ఆ ఫైలే పేజీలో అచ్చవుతుంది. అందుకే ఆస్కీడాక్టర్ సెక్యూర్ మోడ్‌లో ఫైలును చేర్చదు, లంకె మాత్రం ఇస్తుంది. వెబ్ చిరునామాల నుంచి చేర్చడానికి విడిగా అనుమతి ఇవ్వాలి. స్ఫింక్స్‌కు పునాది అయిన డాక్‌యుటిల్స్‌లో ఫైళ్ల చేర్పును ఆపేసే అమరిక ఉంది, నమ్మకం లేని పాఠానికి దాన్ని ఆపే ఉంచాలి. కత్తెర గుర్తు వాడే ఎమ్‌కేడాక్స్ పొడిగింపులో, పై ఫోల్డర్లలోకి ఎగబాకే చిరునామా రాస్తే అనుమతించిన ఫోల్డర్ బయటి ఫైళ్లు కూడా వస్తున్నాయని 2023లో బయటపడింది. దాన్ని సరిచేసి, చేర్పు ఆ ఫోల్డర్ దాటకుండా కట్టడి చేశారు.

ఇబ్బందులు

పత్రం మూలాన్ని గిట్‌హబ్‌లో తెరిచినవారికి కోడ్ ఉండాల్సిన చోట ఒక ఆదేశమే కనిపిస్తుంది. వాక్యం దిద్దేవారు కోడ్ చూడకుండా దిద్దాల్సి వస్తుంది. దీనికి నెడ్ బాచెల్డర్ రాసిన కాగ్ లాంటి పనిముట్లు మధ్యేమార్గం: తెచ్చిన పాఠాన్ని పత్రంలోనే, గుర్తుల మధ్య, రాసిపెడతాయి, మళ్లీ నడిపితే తాజా చేస్తాయి. నకలు ఉంటుంది, కానీ దాన్ని పాతబడనివ్వని యంత్రం పక్కనే ఉంటుంది. రీడ్‌మీ ఫైళ్లకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

కోడ్ వేరే రిపాజిటరీలో ఉంటే ఇంకో చిక్కు. ఎప్పటికప్పుడు మారే ప్రధాన శాఖ నుంచి తెస్తే, రెండో వెర్షన్ కోడ్ మొదటి వెర్షన్ పత్రంలోకి వచ్చేస్తుంది. ఫలానా కమిట్ దగ్గర కట్టేసి తెచ్చుకోవాలి, ఆ ముడి ఎప్పుడు ముందుకు జరపాలో ఒకరు చూసుకోవాలి.

తెలుగులో

ఒకచోట ఉన్న పాఠాన్ని మరోచోట కనిపించేలా చెయ్యడాన్ని టెడ్ నెల్సన్ ట్రాన్స్‌క్లూజన్ అన్నారు. ఈ పని తెలుగు వికీపీడియాలో రాసేవారికి కొత్త కాదు. అక్కడి మూసలు ఇలాంటివే: మూసను ఒకచోట దిద్దితే అది చేరిన పేజీలన్నీ మారతాయి. తెలుగు వికీసోర్స్‌లో పోలిక ఇంకా దగ్గరిది. స్కాన్ చేసిన పుస్తకాన్ని పుట పేరుబరిలో ఒక్కో పుటగా టైపు చేసి, అచ్చుతప్పులు దిద్ది, అధ్యాయం పేజీలో ఇన్నో పుట నుంచి ఇన్నో పుట వరకు అని ఆదేశం రాస్తారు. ఒకే పుట మీద ఒక అధ్యాయం ముగిసి మరోటి మొదలైతే, ఆ పుటలో విభాగాలకు పేర్లు పెట్టి, పేరు చెప్పి తెచ్చుకుంటారు. ఆస్కీడాక్టర్ ట్యాగులు చేసేదీ అదే.

తెలుగులో ప్రోగ్రామింగ్ పాఠాలు రాసేవారికి లేటెక్‌లో ఒక గుంట ఎదురవుతుంది. కోడ్ ఫైల్లో తెలుగు కామెంట్లు ఉంటే, ఒక్కో అక్షరానికి పలు బైట్లు తీసుకునే యూటీఎఫ్-8ను లిస్టింగ్స్ ప్యాకేజీ సరిగ్గా నడపలేదు. జీలేటెక్‌తో మింటెడ్ ప్యాకేజీ వాడుకుంటే తెలుగు ఫాంటుతో కామెంట్లు సవ్యంగా వస్తాయి. అప్పుడు కూడా తెలుగు అక్షరాల వెడల్పులు సమానంగా ఉండవు కాబట్టి, పంక్తుల చివర వరుసగా నిలబెట్టిన కామెంట్లు ఒక గీతలో నిలవవు. కామెంటును కోడ్ పైన విడి పంక్తిలో రాసుకోవడం ఇక్కడ మంచి అలవాటు.

అనువాదంలో అసలు ప్రశ్న వస్తుంది. ఇంగ్లిష్ పత్రాన్ని తెలుగు చేసేటప్పుడు కోడ్ ఫైలులోని కామెంట్లను ఏం చెయ్యాలి? వాటిని తెలుగు చెయ్యాలంటే ఫైలుకు తెలుగు నకలు తయారుచెయ్యాలి. నకలు వద్దనే కదా చేర్పు మొదలుపెట్టింది. స్ఫింక్స్ తన అనువాద జాబితాల్లోకి కోడ్ ముక్కలను మామూలుగా ఎక్కించదు, కావాలంటే విడిగా చెప్పాలి. దీనికి నాకు తెలిసిన మెరుగైన పరిష్కారం ఆస్కీడాక్‌లోని అంకెల పద్ధతి. కోడ్‌లో వివరణ కావలసిన పంక్తుల చివర, కామెంటు లోపల, 1, 2, 3 అని అంకెలు మాత్రం వేస్తారు. వివరణలు కోడ్ కింద, పత్రంలో, అవే అంకెలతో జాబితాగా ఉంటాయి. కామెంటులో ఉన్నాయి కాబట్టి అంకెలు ప్రోగ్రాముకు అడ్డు రావు. అనువదించేవారు ఆ జాబితాను తెలుగు చేస్తే చాలు, కోడ్ ఫైలు రెండు భాషలకూ ఒకటే. రేపు మూల ఫైల్లో ఎవరైనా మూడో అంకె తీసేస్తే, తెలుగు పేజీ తయారయ్యే వేళ మూడో వివరణకు కోడ్‌లో జోడు దొరకలేదని ఆస్కీడాక్టర్ హెచ్చరిస్తుంది.